కౌబాయ్ సినిమాల్లో గీత దాటిన ఆడవాళ్లు: చూడటం, రాసుకోవడం, వ్యాసం చేయడం ఎలా?

"ప్యాంటు తొడిగింది, తుపాకీ పట్టింది, కాబట్టి ఎదురు తిరిగింది." పాత హాలీవుడ్ వెస్టర్న్‌ల (కౌబాయ్ సినిమాల) మీద చదివి చెప్పమని నాకు వచ్చే వ్యాసాల్లో సగం ఈ వాక్యంతోనో, దీని అక్కచెల్లెళ్లతోనో మొదలవుతాయి. రెండో పేరాకల్లా సరుకు అయిపోతుంది. మిగతా మూడు పేజీలూ కథ చెప్పడంతో నిండిపోతాయి.

పద్ధతిగా ఎలా చేయాలని చాలామంది అడుగుతున్నారు. అందుకని నేను పాటించే క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను. నాలుగు వారాల వ్యవధి, అయిదు సినిమాలు, ఒక లావుపాటి నోటుబుక్కు ఉంటే చాలు. సినిమా శాస్త్రం చదివి ఉండనక్కరలేదు.

ఒక మాట ముందే చెప్పేస్తాను, ఈ మార్గదర్శి అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఈ సినిమాల్లో ఆడమనిషి చేతిలోని తుపాకీకన్నా ఆమె పెట్టెలోని దస్తావేజు ఎక్కువ కథ చెబుతుంది. సెలూన్ (సారా, పేకాట దొరికే చోటు) ఎవరిది, భూమి ఎవరిది, అప్పుపత్రం ఎవరి దగ్గర ఉంది? కన్ను అక్కడ పెట్టండి.

1. ముందు హద్దులు గీసుకోండి

"వెస్టర్న్ సినిమాల్లో స్త్రీ" అనేది వ్యాసానికి సరిపడే విషయం కాదు, జీవితకాలం పని. కాలాన్ని కుదించండి. 1939 నుంచి 1959 వరకు తీసుకుంటే సౌకర్యంగా ఉంటుంది.

కారణం ఉంది. హాలీవుడ్‌లో ఏది చూపవచ్చో, ఏది చూపకూడదో చెప్పే ప్రొడక్షన్ కోడ్ 1934 నుంచి గట్టిగా అమలైంది. 1968లో దాని స్థానంలో రేటింగుల పద్ధతి వచ్చింది. ఈ ఇరవై ఏళ్ల సినిమాలన్నీ ఆ కోడ్ నీడలోనే తయారయ్యాయి. అంటే అందరు నాయికలూ ఒకే నిబంధనల కింద ఆడుతున్నారు. అప్పుడే పోలిక న్యాయంగా ఉంటుంది. 1952 సినిమాను 1993 సినిమా పక్కన పెట్టి "ఇందులో ధైర్యం తక్కువ" అనడం కాళ్లు కట్టేసి పరుగెత్తమన్నట్టు ఉంటుంది.

తరువాత ప్రశ్నను ఎంచుకోండి. ఒక్కటే ఉండాలి, ఒకే వాక్యంలో ఇమడాలి. ఇలా:

- ఈమె చేతిలో ఏముంది, దాన్ని లాక్కోవాలని చూస్తున్నది ఎవరు?
- ఈమె గీత దాటినందుకు మూల్యం చెల్లించినది ఈమేనా, పక్కనున్న మరొకరా?
- ముగింపులో ఈమె దగ్గర మిగిలింది ఏమిటి?

"ఈమె బలమైన స్త్రీయా?" అన్నది ప్రశ్న కాదు. అవును, కాదు అని చెప్పాక మాట్లాడటానికి ఏమీ మిగలదు.

2. అయిదు సినిమాలు, ఈ వరుసలో

వరుస ముఖ్యం. తేలికగా పట్టుబడేదానితో మొదలుపెట్టి మొండిదానివైపు వెళ్లాలి.

- 'హై నూన్' (1952, దర్శకుడు ఫ్రెడ్ జినెమాన్). గంటన్నర కూడా ఉండదు. ఇద్దరు స్త్రీలు, రెండు రకాల ధిక్కారం. చేయి తిప్పుకోవడానికి ఇంతకన్నా మంచి సినిమా లేదు.
- 'వెస్ట్‌వర్డ్ ది విమెన్' (1951, విలియం వెల్మన్). షికాగోలో ఎంపికై, కాలిఫోర్నియాకు బళ్ల మీద బయల్దేరిన వందమందికి పైగా స్త్రీల కథ.
- 'కలామిటీ జేన్' (1953, డేవిడ్ బట్లర్). పాటల సినిమా. చూడటానికి హాయి, రాయడానికి చిక్కు.
- 'ది ఫ్యూరీస్' (1950, ఆంథనీ మాన్). తండ్రి, కూతురు, మధ్యలో ఒక పెద్ద ఎస్టేటు.
- 'జానీ గిటార్' (1954, నికొలస్ రే). అన్నిటికన్నా మొండి. చివరికి ఉంచండి.

అదనంగా రెండు దగ్గర పెట్టుకోండి: జాన్ ఫోర్డ్ 'స్టేజ్‌కోచ్' (1939), శామ్యూల్ ఫుల్లర్ 'ఫార్టీ గన్స్' (1957). మొదటి అయిదింటిలో ఏదైనా దొరక్కపోతే వీటిలో ఒకటి ఆ చోటు నింపుతుంది.

మొదటిసారి ఈ పని చేసేవారు అయిదింటి మీదా రాయకండి. అయిదూ చూడండి, రెండింటి మీద రాయండి.

3. చూసే ముందు సర్దుకోవలసినవి

మంచి ప్రతి కావాలి. సగం పాఠకులు ఇక్కడే నష్టపోతారు. 'ఫార్టీ గన్స్' సినిమాస్కోప్ అనే వెడల్పు చట్రంలో తీసిన నలుపు తెలుపు సినిమా. దాన్ని పాత టీవీ చట్రానికి కత్తిరించిన ప్రతిలో చూస్తే అంచుల్లోని రౌతులు మాయమవుతారు. తెల్లగుర్రం మీద ఒక స్త్రీ, వెనక నలభైమంది రౌతులు అన్నదే ఆ సినిమా మొదటి దెబ్బ. అది సగానికి సగం పోతే ఇక మీరు దేని గురించి రాస్తారు?

యూట్యూబ్‌లోని మూడు నిమిషాల ముక్కలను నమ్ముకోకండి. అక్కడ తుపాకీ పేలే చోట్లే ఉంటాయి, దస్తావేజులు చేతులు మారే చోట్లు ఉండవు.

ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు పెట్టుకోండి. ఇంగ్లీషు బాగా వచ్చినవారికీ అవి అవసరం. ఆ కాలపు యాసలో ముఖ్యమైన మాటలు నోట్లోనే నలిగిపోతాయి.

కొంచెం చరిత్ర, రెండే సంగతులు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 21 ఏళ్లు నిండిన అవివాహితలూ, వితంతువులూ తమ పేరు మీద 160 ఎకరాల వరకు భూమి కోరవచ్చు. వయోమింగ్ ప్రాంతం 1869లోనే స్త్రీలకు ఓటు ఇచ్చింది. కాబట్టి సినిమాలో ఊరంతా "ఆడదానికి ఆస్తా!" అని నోరు తెరిస్తే, ఆ ఆశ్చర్యం సినిమా తీసిన 1950లదా, కథ జరిగే కాలానిదా అని ఒకసారి ఆగి అడగండి. ఈ ఒక్క ప్రశ్న నాకు చాలా వ్యాసాలను నిలబెట్టింది.

సర్దుబాటు జాబితా:

- కత్తిరించని ప్రతి
- సబ్‌టైటిళ్లు
- సమయం కనబడే ప్లేయరు (గంట, నిమిషం, సెకను)
- నోటుబుక్కు, రెండు రంగుల కలాలు
- ఒక్కో సినిమాకు రెండు విడి రోజులు

4. మొదటిసారి: కలం ముట్టుకోకండి

మొదటిసారి మామూలు ప్రేక్షకుల్లా చూడండి. ఆపకండి, వెనక్కి తిప్పకండి.

అయిపోయిన పది నిమిషాల్లోపు పది వాక్యాలు రాయండి. ఎక్కడ మీకు సంతోషం వేసింది, ఎక్కడ ఒళ్లు మండింది, ఎక్కడ ఆమె మీద జాలి కలిగింది. అంతే. ఈ పది వాక్యాలు ఎవరికీ చూపేవి కావు కాబట్టి నిజం రాయండి. మీ ఒళ్లు మండిన చోటే తరువాత వ్యాసం మొలుస్తుంది.

5. రెండోసారి: నాలుగు గడుల పేజీ

పేజీని నాలుగు నిలువు గడులుగా గీయండి. ఎడమ అంచున సమయం రాయడానికి సన్నని చోటు వదలండి. గడుల పేర్లు: ఆస్తి, బట్టలు, మాట, మూల్యం.

*ఆస్తి.* ఆమెకు ఏది సొంతం, ఎలా వచ్చింది, కాగితం మీద పేరు ఎవరిది, అమ్మే హక్కు ఎవరికుంది. 'హై నూన్'లో హెలెన్ రమిరెజ్ పాత్ర (నటి కేటీ హురాడో) ఊరు విడిచి వెళ్లే ముందు తన వ్యాపారాన్ని అమ్మేస్తుంది. ఆ సన్నివేశం చిన్నది, తుపాకీ లేదు, సంగీతం ఉరుములు లేవు. అందుకే అందరూ దాటేస్తారు. దాన్ని రెండుసార్లు చూడండి. కొనేవాడు ఎంత మర్యాదగా నిలబడ్డాడో, బేరం ఎవరు నడిపారో చూడండి. మెక్సికన్ స్త్రీ, ఊరి పెద్దమనుషులు పక్కకు పెట్టిన మనిషి, ఆ గదిలో మాత్రం యజమాని.

'ది ఫ్యూరీస్'లో ఈ గడి నిండిపోతుంది. తండ్రి టి.సి. జెఫర్డ్స్ (వాల్టర్ హ్యూస్టన్) డబ్బుకు బదులు తన పేరుతో అచ్చువేసిన అప్పుకాగితాలు ఊరంతా చలామణి చేస్తుంటాడు. కూతురు వాన్స్ (బార్బరా స్టాన్విక్) తండ్రి మీద పగ తీర్చుకోవాలనుకున్నప్పుడు తుపాకీ తీయదు. ఆ కాగితాలను చవగ్గా పోగుచేసి, చివరికి అతని పశువులకు అతని కాగితాలే చెల్లిస్తుంది. వడ్డీ వ్యాపారం తెలిసిన మన ఊళ్ల పాఠకులకు ఈ దెబ్బ ఎంత గట్టిదో వేరే చెప్పనక్కరలేదు.

*బట్టలు.* ఏ బట్టలు వేసుకుందన్నది అంత ముఖ్యం కాదు, ఎప్పుడు మార్చింది అన్నది రాయండి. ప్రతి మార్పు పక్కన సమయం వేయండి. అంతకు ముందు సన్నివేశంలో ఏం జరిగింది? మార్పు తన ఇష్టమా, ఎవరైనా మార్పించారా? 'కలామిటీ జేన్'లో ఆమె తోలుబట్టలు వదిలి గౌను తొడిగే దారిలో ఒక పాట ఉంది. షికాగో నుంచి వచ్చిన కేటీ, ఆమె కలిసి గుడిసె ఊడ్చి, అలికినట్టు తీర్చిదిద్దుతారు. మార్చినది మగవాడు కాదు, ఇంకో ఆడమనిషి అన్నది మీ గడిలో రాయవలసిన సంగతి.

*మాట.* ఆమె ఆజ్ఞ ఇచ్చినప్పుడు ఎవరు పాటించారు, ఎవరు నవ్వారు, మాట మధ్యలో ఎవరు తెంచారు. వాక్యాలన్నీ ఎక్కించనక్కరలేదు. మూడు నాలుగు చాలు.

*మూల్యం.* ఆమె పోగొట్టుకున్నది, ఆమె కారణంగా ఇతరులు పోగొట్టుకున్నది, విడివిడిగా. ఈ రెండోదానికి ఎర్ర కలం వాడండి. ఎందుకో ఏడో మెట్టులో తెలుస్తుంది.

6. ఒక సన్నివేశాన్ని విప్పి చూడటం

గడులు నిండాక ప్రతి సినిమా నుంచి ఒకే సన్నివేశం తీసుకోండి. మూడు నుంచి ఆరు నిమిషాలు ఉన్నది చాలు. దాన్ని మూడుసార్లు చూడాలి: ఒకసారి మామూలుగా, ఒకసారి శబ్దం ఆపి, ఒకసారి తెర వైపు చూడకుండా విని.

'జానీ గిటార్'తో చేసి చూపిస్తాను. వియెనా (జోన్ క్రాఫర్డ్) ఊరి శివారులో సెలూన్ యజమానురాలు. రైలుమార్గం అటుగా వస్తుందని ముందే తెలుసుకొని అక్కడ స్థలం పట్టింది. రాబోయే ఊరి నమూనా బొమ్మను కూడా గదిలో పెట్టుకుంది. రైలు వస్తే పశువుల కాపరుల రాజ్యం పోతుందని భయపడే గుంపుకు ముందు నడిచేది ఎమ్మా (మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్).

మొదట్లో గుంపు సెలూన్‌లోకి చొరబడినప్పుడు వియెనా మెట్ల పైన ఉంటుంది. ముదురు రంగు చొక్కా, ప్యాంటు, చేతిలో తుపాకీ. కింద సారా, పేకాట అమ్ముతాను, ఈ మెట్లెక్కి వచ్చేవాడికి తలలో గుండు మాత్రమే దొరుకుతుందని చెబుతుంది. శబ్దం ఆపి చూడండి. ఆమె పైన, గుంపు కింద. మాటలు లేకపోయినా ఇల్లు ఎవరిదో తెలిసిపోతుంది.

ఇప్పుడు అదే గుంపు రెండోసారి వచ్చే సన్నివేశం. ఎమ్మా అన్న అంత్యక్రియల నుంచి నల్లబట్టలతోనే బయల్దేరి, బ్యాంకు దోపిడీ నెపంతో వస్తారు. ఈసారి వియెనా కిందే ఉంది. తెల్లగౌనులో, పియానో ముందు కూర్చొని వాయిస్తోంది. వెనక రాతిగోడ, ఎందుకంటే ఆ సెలూన్‌ను కొండరాతికి ఆనించి కట్టారు. దొంగల ముఠాలోని గాయపడ్డ కుర్రాడు, టర్కీ అనేవాడు, ఒక బల్ల కింద దాగి ఉన్నాడు.

చాలామంది ఇక్కడ "ఆమె మళ్లీ ఆడదానిలా మారింది, లొంగిపోయింది" అని రాస్తారు. గడులు చూసుకోండి. బట్టల గడిలో తెల్లగౌను ఉంది, నిజమే. కానీ ఆస్తి గడిలో ఏం మారింది? సెలూన్ ఇంకా ఆమెదే, లేచి వెళ్లమని చెప్పే హక్కూ ఆమెదే. వచ్చింది ఆయుధాలున్న గుంపు. ఆమె ఒంటరిగా, తుపాకీ లేకుండా, వాయిద్యం ఆపకుండా కూర్చుంది. నా లెక్కలో మెట్ల పైన తుపాకీతో నిలబడ్డప్పటికన్నా ఇక్కడే ఆమె ఎక్కువ ధైర్యంగా ఉంది. మీరు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే గడులు చూపించి వాదించండి, అదే వ్యాసం అవుతుంది.

తెర చూడకుండా విన్నప్పుడు పియానో ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి. దాన్ని ఎవరు ఆపించారు? ఈ ప్రశ్నకు జవాబు మీ నోటుబుక్కులో సెకన్లతో సహా ఉండాలి.

ఆ తరువాత సెలూన్‌కు నిప్పంటించేది ఎమ్మా. వెలుగుతున్న షాండ్లియర్‌ను (పైకప్పుకు వేలాడే దీపాల గుత్తిని) కాల్చి పడేస్తుంది. మంటల ముందు ఆమె ముఖం చూడండి. ఆస్తి గడిలో ఒక గీత గీసి "బూడిద" అని రాయవలసిన చోటు అది. అక్కడి నుంచి వియెనా మళ్లీ చొక్కా, ప్యాంటులోకి వస్తుంది. అంటే ఈ సినిమాలో ప్యాంటు బలానికి గుర్తు అనుకుంటే చిక్కే. చేతిలో అన్నీ ఉన్నప్పుడూ ప్యాంటే, అన్నీ పోయాకా ప్యాంటే.

అభ్యాసానికి ఇంకొకటి: 'హై నూన్' చివర్లో ఎమీ అనే పాత్ర (గ్రేస్ కెల్లీ). తండ్రినీ, అన్ననూ తుపాకులకు పోగొట్టుకొని హింస వద్దనే క్వేకర్ మతంలోకి వచ్చిన మనిషి. రైలెక్కినది దిగి పరుగెత్తి వస్తుంది, కిటికీలోంచి ఒకడిని వెనక నుంచి కాలుస్తుంది. ఆమె భర్త వృత్తికి లొంగిందా, తన మతాన్ని ధిక్కరించిందా, రెండూనా? గోడ మీద తుపాకీ కనబడిన క్షణం నుంచి పేలిన క్షణం దాకా ఎన్ని సెకన్లు, అందులో ఆమె ముఖం ఎంతసేపు కనబడింది, లెక్క పెట్టండి. హెలెన్ అంతకు ముందు హోటల్ గదిలో ఆమెతో అన్న మాట కూడా పక్కనే రాసుకోండి: కెయిన్ (ఎమీ భర్త, ఆ ఊరి మార్షల్) నా మనిషైతే ఇలా వదిలి వెళ్లను, తుపాకీ తీసుకొని పోరాడతానంటుంది. అన్నది ఒకరు, చేసింది మరొకరు.

7. ఎర్ర కలం రాసిన చోట్లు

ఇక్కడ కొంచెం కఠినంగా ఉండాలి. ఈ సినిమాల్లో ఒక తెల్లజాతి స్త్రీ స్వేచ్ఛకు తరచూ వేరెవరో బిల్లు కడతారు.

'ది ఫ్యూరీస్'లో వాన్స్ తన కోపంతో కత్తెర విసిరి, తండ్రి తెచ్చుకున్న స్త్రీ ముఖం పాడుచేస్తుంది. దాని తరువాత తండ్రి ఉరితీయించేది వాన్స్‌ను కాదు, ఆమె బాల్యమిత్రుడు, మెక్సికన్ అయిన హువాన్ హెరెరాను. వ్యాసంలో వాన్స్ ధైర్యం గురించి రెండు పేజీలు, హువాన్ గురించి సగం వాక్యం ఉంటే ఆ వ్యాసం కుంటుతోందని అర్థం.

'స్టేజ్‌కోచ్'లో డాలస్‌ను (క్లెయిర్ ట్రెవర్) ఊరి నుంచి గెంటేది మగవాళ్లకన్నా ముందు సంఘమర్యాద కాపాడే ఆడవాళ్ల దండు. ఆమె వృత్తి ఏమిటో సినిమా నోరు తెరిచి చెప్పదు, కోడ్ చెప్పనివ్వదు. భోజనాల బల్ల దగ్గర పెద్దింటి లూసీ ఆమె పక్కన కూర్చోలేక బల్ల అవతలి చివరకు లేచి వెళ్తుంది. అంతటితో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. ఇలాంటి చోట వ్యాసంలో "సినిమా చెప్పింది" అని రాయకండి, "బల్ల దగ్గర చూపించింది" అని రాయండి.

వెస్టర్న్‌లలో అమెరికన్ ఆదివాసులు ఎక్కువగా ముఖాలు లేని దాడిగానే వస్తారు. 'వెస్ట్‌వర్డ్ ది విమెన్' కూడా దీనికి మినహాయింపు కాదు. దాడి తరువాత చనిపోయిన తోటివారి పేర్లను బతికిన స్త్రీలు ఒక్కొక్కరుగా పిలిచే సన్నివేశం కన్నీళ్లు పెట్టిస్తుంది. ఆ పేర్ల జాబితాలో అవతలి పక్షం వారి పేరు ఒక్కటీ లేదని కూడా రాయండి. రెండూ ఒకే పేరాలో ఉండవచ్చు.

8. ముగింపును చదవడం

ఎక్కువ పొరపాట్లు జరిగే చోటు ఇదే. పెళ్లితో ముగిసింది కాబట్టి సినిమా ఆమెను దారికి తెచ్చిందని ఒక వాదం. చివరి అయిదు నిమిషాలు కోడ్ కోసం, అసలు సినిమా మొదటి గంటన్నరే అని మరో వాదం. రెండూ సోమరి వాదాలే.

చేయవలసింది ఇది: మొదటి అయిదు నిమిషాలనూ చివరి అయిదు నిమిషాలనూ పక్కపక్కన చూడండి. 'ఫార్టీ గన్స్'లో మొదట నల్లబట్టల్లో గుర్రం మీద ముందు నడిచిన జెసికా (బార్బరా స్టాన్విక్), చివర తెల్లబట్టల్లో ఒక మగవాడి బండి వెనక పరుగెత్తుతుంది. ఇంత నిర్దాక్షిణ్యమైన జత ఇంకో సినిమాలో నేను చూడలేదు. మధ్యలో అతనే ఆమెను కాలుస్తాడు కూడా, ఆమెను అడ్డం పెట్టుకున్న తమ్ముడిని పట్టడానికి.

'కలామిటీ జేన్' ముగింపు జంట పెళ్లిళ్లు. చాలాకాలం క్రితం నేను ఒక సినిమా కూటమిలో దీని గురించి మాట్లాడుతూ, "తోలుబట్టలు పోయాయి, తుపాకీ పోయింది, పెళ్లికూతురు మిగిలింది" అని బడాయిగా ముగించాను. వెనక వరుసలో కూర్చున్న ఒక రిటైర్డు టీచరుగారు చెయ్యెత్తి, "తుపాకీ ఎక్కడికి పోయింది? పెళ్లిబట్టల కిందే ఉంది కదా" అన్నారు. నిజమే. పెళ్లికొడుకు బిల్ దాన్ని బయటికి తీస్తాడు, షికాగో నుంచి ఇంకా నటీమణులు దిగుతారేమోనని ఉంచానని ఆమె హాస్యమాడుతుంది. నేను చివరి నిమిషం సరిగా చూడలేదు. ఆ రోజు నుంచి చివరి పేరు తెర మీద నుంచి పోయేదాకా లేవను.

నిజజీవితంలో ఉన్న స్త్రీ మీద తీసిన సినిమా అయితే ఒక అదనపు మెట్టు ఉంది. సినిమా ఎక్కడ చరిత్రను వంచిందో పట్టుకోండి. 'యానీ గెట్ యువర్ గన్' (1950) చివర్లో తుపాకీ గురికి పేరుమోసిన యానీ ఓక్లీ తన గురిని కావాలని తప్పించి, పోటీదారు ఫ్రాంక్ బట్లర్‌ను గెలవనిచ్చి అతన్ని దక్కించుకుంటుంది. అసలు యానీ పోటీలో బట్లర్‌ను ఓడించింది, అతను ఆమెనే పెళ్లాడాడు, తరువాత ఆమె ప్రదర్శనల వ్యవహారాలు చూసుకుంటూ ఉండిపోయాడు. చరిత్ర ఇచ్చిన ముగింపును సినిమా ఎందుకు తీసుకోలేకపోయిందన్నది ఒక వ్యాసానికి సరిపడా ప్రశ్న.

9. రాయడం

మొదట ఒక వాక్యం. దానిలో సినిమా పేరు, ఒక వస్తువో సన్నివేశమో, మీ వాదం, మూడూ ఉండాలి.

బలహీనం: "జానీ గిటార్‌లో వియెనా ఆ కాలపు స్త్రీలకు భిన్నంగా బలమైన పాత్ర."

పనికొచ్చేది: "జానీ గిటార్‌లో వియెనా అధికారం ఆమె తుపాకీలో లేదు, రైలు రాబోయే స్థలం మీద ఆమెకున్న హక్కులో ఉంది, అందుకే శత్రువులు ముందు తగలబెట్టింది ఆమె ఇంటినే."

రెండో వాక్యంతో ఎవరైనా గొడవ పడవచ్చు. మొదటిదానితో ఎవరూ పడరు, ఎవరూ చదవరు కూడా.

తరువాతి క్రమం:

- కథ ఆరు వాక్యాలకు మించకూడదు.
- విప్పి చూసిన సన్నివేశం, సమయంతో సహా. వ్యాసంలో మూడో వంతు దీనికే.
- మీ వాదానికి అడ్డొచ్చే ఒక సన్నివేశం. దాచకండి.
- ఎర్ర కలం సంగతులు.
- రెండో సినిమాతో పోలిక, ఒకే ఒక్క గడి మీద. ఆస్తి అంటే ఆస్తే, బట్టలు అంటే బట్టలే.

తెలుగులో రాస్తున్నప్పుడు సెలూన్, షెరీఫ్, కౌబాయ్ వంటి మాటలను అలాగే ఉంచండి. సెలూన్‌ను "సారా కొట్టు" అంటే పేకాట బల్లలు, పాట, పై అంతస్తు గదులు అన్నీ పోతాయి. మొదటిసారి వచ్చినప్పుడు ఒక ముక్కలో వివరిస్తే సరిపోతుంది, ఎందుకంటే మన దగ్గర సెలూన్ అంటే క్షవరశాల గుర్తొస్తుంది.

మన కౌబాయ్ సినిమాలతో పోల్చవచ్చా అని అడుగుతారు. పోల్చవచ్చు. 'మోసగాళ్ళకు మోసగాడు' (1971) కన్నా ముందే, అదే దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ విజయలలిత నాయికగా 'రౌడీ రాణి' (1970) తీశారు. కానీ దాన్ని వేరే వ్యాసంగా రాయండి. చివరి పేరాలో "మన తెలుగులో కూడా" అని ఒక ముక్క తగిలిస్తే రెండు సినిమాలకూ అన్యాయమే.

10. తరచూ దొర్లే పొరపాట్లు, సవరణలు

*పొరపాటు:* నటి జీవితాన్ని పాత్ర మీద రుద్దడం. *సవరణ:* స్టాన్విక్ 'ఫార్టీ గన్స్'లో గుర్రం ఈడ్చుకుపోయే ప్రమాదకరమైన షాట్ తానే చేసింది. ఇది చెప్పదగ్గ విషయమే, కానీ నటి సాహసం కింద చెప్పండి. జెసికా ధైర్యానికి అది సాక్ష్యం కాదు.

*పొరపాటు:* "మగవాడిలా ప్రవర్తించింది" అని మీ గొంతుతో రాయడం. *సవరణ:* ఆ మాట సినిమాలో ఎవరన్నారో చెప్పండి. 'జానీ గిటార్'లో వియెనా మగవాడిలా ఆలోచిస్తుందనేది ఆమె దగ్గర జీతానికి పనిచేసేవాడు. అతని బాధను మీ అభిప్రాయంగా చేసుకోకండి.

*పొరపాటు:* ఇద్దరు స్త్రీల పోరును "ఆడవారి అసూయ" అని కొట్టేయడం. *సవరణ:* ఆస్తి గడి తిరగేయండి. వియెనా, ఎమ్మాల మధ్య ప్రియుడి సంగతి ఉంది, నిజమే, దానితో పాటు రైలుమార్గం, పచ్చికభూములు ఉన్నాయి.

*పొరపాటు:* దర్శకుడి ఉద్దేశం ఇదని తేల్చేయడం. *సవరణ:* తెర మీద ఉన్నదే మాట్లాడండి.

*పొరపాటు:* ఒక్క సినిమా చూసి "వెస్టర్న్‌లు ఇలా ఉంటాయి" అనడం. *సవరణ:* "ఈ సినిమాలో" అని మార్చండి. అంతే.

11. పంపే ముందు

- మొదటి పేరాలో సినిమా పేరు, సంవత్సరం, దర్శకుడు ఉన్నాయా?
- పాత్ర పేరు, నటి పేరు కలగాపులగం కాలేదు కదా?
- ప్రతి వాదం పక్కన నోటుబుక్కులో ఒక సమయం ఉందా?
- కథ చెప్పే వాక్యాలను లెక్కపెట్టారా?
- "బలమైన" అన్న మాట ఎన్నిసార్లు వచ్చింది? ఒకటికి మించితే కొట్టేయండి.
- చివరి నిమిషం మళ్లీ చూశారా?

ఇవన్నీ అయ్యాక, ఆ సినిమా చూడని ఒకరికి వ్యాసం చదివి వినిపించండి. ఇంట్లోవాళ్లయితే మేలు, మొహమాటం ఉండదు. వాళ్లు "ఇంతకీ ఆ సెలూన్ ఏమైంది?" అని అడిగితే మీ సన్నివేశం పండింది. "ఇంతకీ ఆమె పెళ్లి చేసుకుందా?" అని అడిగితే మూడో పేరా తిరగరాయండి.

ఆ పని పూర్తయితే, పక్కన పెట్టిన 'ఫార్టీ గన్స్' తీయండి. వెడల్పు చట్రం ఉన్న ప్రతిలోనే సుమా.